లిఫ్ట్ చేశాక వెనక బ్రేక్ పట్టడం లేదు, డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయించాలా?

రెండంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్‌తో బండి ఎత్తు పెంచడం), 33 అంగుళాల టైర్లు, ముందు చక్రాలకి పెద్ద డిస్కులు వేయించాక బ్రేక్ కొడితే ముక్కు దిగిపోతోంది, వెనక చక్రాలు పట్టుకోవడమే లేదు, వెనక కూడా డిస్కులు వేయించాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు బండి కిందికి దూరి వెనక యాక్సిల్ దగ్గర ఒకటి చూడండి.

చాలా పికప్‌లలో, ఫోర్ బై ఫోర్‌లలో చాసిస్‌కి ఒక వాల్వ్ బిగించి, దాని నుంచి ఒక కడ్డీని యాక్సిల్‌కి కలుపుతారు. లోడ్ సెన్సింగ్ వాల్వ్ అంటారు. బరువు వేస్తే చాసిస్ దిగి యాక్సిల్‌కి దగ్గరవుతుంది, అప్పుడది వెనక బ్రేకులకి ప్రెషర్ ఎక్కువ వదులుతుంది, బండి ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. లిఫ్ట్ చేశాక ఆ దూరం ఎప్పటికీ ఎక్కువగానే ఉంటుంది కాబట్టి మీరెంత సామాను వేసినా వాల్వ్‌కి అది ఖాళీ బండి లాగే అనిపిస్తుంది. నా బండికి అచ్చం ఇదే జరిగింది. గ్యారేజీలో డ్రమ్ములు పోయాయన్నారు, విప్పించి చూస్తే షూల (డ్రమ్‌కి లోపలి నుంచి ఒత్తుకునే ముక్కలు) మీది లైనర్లు బాగానే ఉన్నాయి. యాక్సిల్ వైపు బ్రాకెట్‌ని లిఫ్ట్ ఎంతో అంత ఎత్తు పెంచి, షూలు అడ్జస్ట్ చేయించగానే వెనక బ్రేక్ మళ్ళీ పట్టింది.

టైర్ల సంగతి కూడా ఉంది. 29 అంగుళాల నుంచి 33కి వెళ్తే అదే బ్రేకుతో బండిని ఆపే బలం సుమారు 12 శాతం తగ్గుతుంది, చక్రం బరువు పెరగడం దానికి అదనం. అందుకే ముందు చక్రాలకి పెద్ద డిస్కులు వేయించడం మంచి పనే.

వెనక డిస్కులంటే డిస్కులు మార్చడంతో అయిపోదు. డ్రమ్‌లో తిరిగే వేగానికి షూ తనంతట తనే డ్రమ్‌కి ఇంకా బిగుసుకుంటుంది, డిస్క్‌కి ఆ సాయం లేదు, కాబట్టి ప్రెషర్ ఎక్కువ కావాలి, క్యాలిపర్‌కి (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) ఆయిల్ కూడా ఎక్కువ కావాలి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ సరిపోకపోతే పెడల్ కిందికి పోతుంది. డ్రమ్ముల కోసం లైన్‌లో ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఉంటే అది తీయాలి, లేదంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. హ్యాండ్‌బ్రేక్‌కి వేరే ఏర్పాటు చూసుకోవాలి.

ఒకవేళ వెనక బ్రేక్ మరీ ఎక్కువైతే అది ఇంకా ప్రమాదం. దిగుడులో బరువంతా ముందుకి వచ్చేస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, అవి ముందుగా లాక్ అయితే బండి అడ్డం తిరుగుతుంది. ముందు చక్రాలే కాస్త ముందుగా లాక్ అవ్వాలి. నాబ్ తిప్పి సర్దుకునే వాల్వ్ పెట్టాలనుకుంటే వెనక లైన్‌లోనే పెట్టండి, అది ప్రెషర్ తగ్గించగలదు గానీ పెంచలేదు. కంపెనీ వాల్వ్ ఉంచేసి దాని మీద ఇంకోటి పెట్టకండి. ఏబీఎస్ (చక్రాలు లాక్ అవ్వకుండా చూసేది), ఈబీడీ (ముందు వెనక బ్రేకులకి బలం పంచేది) ఉన్న బండికైతే అసలు పెట్టొద్దు, ఆ పంపకం అదే చూసుకుంటుంది.

టెస్ట్ మాత్రం టూవీల్ డ్రైవ్‌లోనే చేయండి. ఫోర్‌వీల్ లాక్ చేసి ఉంటే ముందూ వెనకా ఇరుసులు కలిసే తిరుగుతాయి, తేడా ఉన్నా బయటపడదు. ఖాళీ మట్టి మైదానంలో, తక్కువ స్పీడులో, బయట ఒకరిని నిలబెట్టి ఏ చక్రం ముందు ఆగుతోందో చూడమనండి. ఖాళీ బండితో ఒకసారి, లోడుతో ఒకసారి.

కడ్డీ ఏ కోణంలో ఉందో చూసి చెప్పండి, మాస్టర్ సిలిండర్ బోర్ (లోపలి వ్యాసం) సైజు కూడా రాయండి, డిస్కుల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.