కాల్చకుండానే పగిలిన తూటా కేసులు: తప్పు వయసుదా, దాచిన చోటుదా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా మూసి ఉన్న పాత తూటాల పెట్టె తెరిచి చూస్తే, కొన్ని ఇత్తడి కేసుల (తుపాకీ మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే గొట్టాల) మెడ దగ్గర నిలువుగా సన్నటి పగుళ్లు కనిపించాయి. వాటిలో ఒక్కటి కూడా కాల్చింది కాదు. ఇత్తడికి తుప్పు పట్టదంటారు కదా, మరి ఏళ్లు గడిస్తే అది దానంతటదే పెళుసెక్కుతుందా?

జవాబు: వయసు ఒక్కటే అయితే ఏమీ కాదండీ. మామూలు గది వేడిలో పడి ఉన్నంత మాత్రాన ఇత్తడి పెళుసెక్కదు. మీ కేసులు పగలాలంటే మూడు కలిసి ఉండాలి: లోహంలో ముందే దాగి ఉన్న బిగువు, గాలిలో కాస్త అమ్మోనియా, దాన్ని లోహం మీద నిలబెట్టే తేమ. ఈ మూడూ కలిస్తే కొత్త తూటా కూడా పగులుతుంది, కలవకపోతే తాతల నాటి తూటా కేసు కూడా చెక్కుచెదరదు.

బిగువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, అసలు కథంతా అక్కడే ఉంది. కేసుకు వాడేది సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్ ఉన్న ఇత్తడి. గుండ్రటి బిళ్లను గిన్నెలా నొక్కి, ఆ గిన్నెను అచ్చుల్లోంచి కొంచెం కొంచెంగా లాగి పొడుగాటి గొట్టం చేస్తారు, మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరుస్తారు. చల్లగా ఉండగా లాగిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది, లోపల బిగువు మిగిలిపోతుంది. చివర్లో మెడను నొక్కి సన్నం చేసి అందులో బుల్లెట్‌ను బిగిస్తారు కాబట్టి, ఆ మెడ చుట్టూ లోహం ఎప్పుడూ సాగదీసినట్టే ఉంటుంది. చుట్టూ లాగే బలం ఉన్నప్పుడు పగులు నిలువుగానే రావాలి, మీరు చూసింది సరిగ్గా అదే.

ఇక అమ్మోనియా. తేమ, గాలి తోడైతే అది రాగిని కరిగించుకుంటుంది. అయితే పైపైన అంతటా తినదు, లోహపు సూక్ష్మ రేణువులు ఒకదానితో ఒకటి కలిసే అంచుల వెంట లోపలికి దిగుతుంది. అక్కడ ఏర్పడ్డ పలుచని పొర బిగువు వల్ల చీలుతుంది, చీలిన చోట మళ్లీ కొత్త లోహం బయటపడుతుంది, దాడి ఇంకొంచెం లోతుకు పోతుంది. బిగించి కట్టిన తాడు ఒక్కో పోగే తెగుతూ పోయినట్టు అన్నమాట. అందుకే పగులు కనిపించే రోజు వరకు కేసు చూడ్డానికి దాదాపు బాగానే ఉంటుంది. నాకు ఇందులో భయం అనిపించేది అదే.

దీన్ని సీజన్ క్రాకింగ్ అంటారు. భారతదేశంలో ఉన్న బ్రిటిష్ సైన్యానికి ఇది పెద్ద తలనొప్పి అయింది. వానాకాలం పోయేదాకా తూటాలను గుర్రపు శాలల్లో దాచేవారు, తీరా తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానల తేమ, లోహంలో మిగిలిన బిగువు, ఈ మూడింటినీ ముడిపెట్టి 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు వివరించారు. విరుగుడు కూడా సులువైనదే: తయారీలోనే కేసును సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే గట్టితనం పెద్దగా పోకుండానే లోపలి బిగువు సడలుతుంది. మెడ భాగాన్ని ఇంకా ఎక్కువగా కాచి మెత్తబరుస్తారు. సైనిక తూటాల మెడ దగ్గర కనిపించే నీలి, గోధుమ ఛాయల మరక ఆ కాపుడుదే, దాన్ని చూసి పాడైందని టెన్షన్ పడకండి.

మీ పెట్టె విషయానికి వస్తే, పగిలినవి ఏరేసి మిగతావి కాల్చేద్దామని మాత్రం దయచేసి అనుకోవద్దు. ఒకే పెట్టెలో ఒకే గాలి పీల్చిన తూటాలవి, కంటికి కనిపించని పగుళ్లు మిగతా వాటిలోనూ ఉండొచ్చు. మెడ చీలితే నష్టం తక్కువేమో గానీ, అడుగు భాగం దగ్గర చీలితే వేడి వాయువులు కాల్చేవారి ముఖం వైపే వెనక్కి తన్నుతాయి. మొత్తం పెట్టెను పక్కన పెట్టి, పోలీసులకు గానీ పేలుడు పదార్థాలను నిర్వీర్యం చేసే అధికారులకు గానీ కబురు చేయండి.

ప్రశ్న: అలాంటి పాత తూటాలలో ఒకదాని బుల్లెట్ వదులై ఊడిపోతే, మెడ లోపల ఆకుపచ్చటి పొడి కనిపించింది. ఇదీ అమ్మోనియా పనేనా?

జవాబు: ఇది లోపలి నుంచి వచ్చిన జబ్బు అయ్యుండొచ్చు. కేసు లోపల ఉండే పొగరాని తుపాకీ మందులోని నైట్రోసెల్యులోజ్ కాలం గడిచేకొద్దీ మెల్లగా విడిపోతూ నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. వాటిని పట్టి ఉంచడానికి డైఫెనైల్ అమీన్ లాంటి పదార్థం కలుపుతారు, అది అయిపోయాక ఆమ్లం నేరుగా ఇత్తడిని తింటుంది, మిగిలేది చిలుము. వేడిగా ఉండే చోట దాస్తే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఘాటైన పుల్లటి వాసన, ఎర్రటి గోధుమరంగు పొగ కనిపిస్తే ఆ మందు ప్రమాదకరంగా మారినట్టే. మిగతా తూటాలను విప్పి చూడొద్దు.

ప్రశ్న: బాగా పాత కాలం తూటాల ఖాళీ కేసులు మళ్లీ నింపుకోవడానికి పనికిరావంటారు, ఎందుకు?

జవాబు: పాదరసం వల్ల. ఒకప్పటి ప్రైమర్లలో (దెబ్బ తగలగానే మంట పుట్టించి తుపాకీ మందును అంటించే చిన్న మూతల్లో) మెర్క్యురీ ఫల్మినేట్ అనే పాదరసపు పేలుడు పదార్థం ఉండేది. కాల్చగానే విడుదలైన పాదరసం ఇత్తడిలోకి చొరబడి దాన్ని నిజంగానే పెళుసుగా చేస్తుంది. పాతకాలపు నల్ల తుపాకీ మందు రోజుల్లో మసి ఎక్కువ కాబట్టి పాదరసం చాలావరకు అందులోనే కలిసిపోయేది, పొగరాని మందు వచ్చాక నేరుగా కేసుకే తగిలింది. కడిగితే పోదు, పైకి చూసి పట్టుకోలేం.

ప్రశ్న: కేసులు మెరిసేలా ఇత్తడి పాలిష్‌తో తుడిచి దాచుకోవచ్చా?

జవాబు: ముందు సీసా మీది వివరాలు చదవండి. కొన్ని ఇత్తడి పాలిష్‌లలో అమ్మోనియా ఉంటుంది, అలాంటిది అసలు వద్దు. తోలు సంచుల్లో, తోలు బెల్టుల్లో ఏళ్ల తరబడి ఉంచినా తోలులోని ఆమ్లాల వల్ల చిలుము పడుతుంది. గాలి చొరని లోహపు డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, చల్లటి పొడి గది చాలు. ఎరువులు, పశువుల కొట్టం, ఇల్లు తుడిచే అమ్మోనియా ద్రావణాలు ఉన్న చోటికి మాత్రం ఆ డబ్బాను దూరంగా ఉంచండి.