బదిలీ ఆర్డర్లు, లైసెన్స్‌లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మావారు అమెరికా నేవీలో ఉన్నారు. నార్‌ఫోక్ నుంచి శాన్‌డియాగోకు బదిలీ అయింది. నాకు వర్జీనియాలో రెస్పిరేటరీ థెరపిస్ట్ లైసెన్స్ ఉంది. కాలిఫోర్నియాలో మళ్లీ మొదటి నుంచీ రావాలా?

జవాబు: అక్కర్లేదండి. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు రక్షణ ఇచ్చే సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ చట్టంలో 2023 జనవరిలో ఇందుకోసమే ఒక సెక్షన్ చేర్చారు. సైనిక ఆర్డర్ల వల్ల రాష్ట్రం మారినప్పుడు, ఆ ఆర్డర్లు అమల్లో ఉన్నంతకాలం పాత లైసెన్స్ కొత్త రాష్ట్రంలోనూ అదే తరహా పనికి చెల్లుతుంది. కానీ దానంతటదే చెల్లదు, కొత్త రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. దానితో మూడు కాగితాలు జతచేయండి: ఆర్డర్ల కాపీ, పెళ్లి సర్టిఫికెట్, నోటరీ చేయించిన అఫిడవిట్. రాసినదంతా నిజమనీ, ఆ రాష్ట్రపు నిబంధనలు చదివి అర్థం చేసుకున్నాననీ, ఏ రాష్ట్రంలోనూ నా లైసెన్స్ మీద మచ్చ లేదనీ అఫిడవిట్‌లో ఉండాలి.

మనవాళ్లకు చిక్కు వచ్చేది ఎక్కువగా పేర్ల దగ్గరే. లైసెన్స్ మీద పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోలా, ఆర్డర్లలో మరోలా ఉంటే ఫైలు ఆగిపోతుంది. ముందే సరిచేయించుకోండి. పెళ్లి ఇండియాలో జరిగి ఉంటే రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి. శుభలేఖ, ఫొటోలు లెక్కలోకి రావు.

ఇంకో పొరపాటు: కాలిఫోర్నియాలో పని దొరికింది కదా అని వర్జీనియా లైసెన్స్ రెన్యువల్ వదిలేయడం. మీ హక్కంతా ఆ పాత లైసెన్స్ మీదే నిలబడి ఉంది. అది గడువు దాటితే ఇక్కడి హక్కూ పోతుంది. దాని మీద ఫిర్యాదు విచారణలో ఉన్నా ఈ వెసులుబాటు దొరకదు.

ఆసుపత్రి హెచ్ఆర్‌కు ఈ చట్టం తెలియకపోవడం మామూలే. అందుకే బోర్డు జవాబును నోటిమాటగా కాక ఈమెయిల్‌లో తీసుకోండి. బోర్డే కాదంటే బేస్‌లోని లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు ఉచితంగా సాయం చేస్తుంది. మీవారు రిటైరైతే ఆర్డర్లతో పాటు ఈ వెసులుబాటూ ముగుస్తుంది. శాన్‌డియాగోలోనే స్థిరపడే ఆలోచన ఉంటే మామూలు కాలిఫోర్నియా లైసెన్స్‌కు కూడా ఇప్పుడే దరఖాస్తు చేయడం మంచిది. బదిలీ వల్ల అయిన పరీక్ష, రిజిస్ట్రేషన్ ఫీజులకు రసీదులు చూపిస్తే సైన్యం నుంచి 1,000 డాలర్ల దాకా తిరిగి వస్తాయి.

నర్సులకు ఒక మాట. ‘నాది మల్టీస్టేట్ లైసెన్స్, ఎక్కడైనా చెల్లుతుంది’ అనుకుని బయల్దేరకండి. ఆ లైసెన్స్ చెల్లేది నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్ అనే ఒప్పందంలో చేరిన రాష్ట్రాల్లోనే, అందులో కాలిఫోర్నియా లేదు.

ప్రశ్న: ఆర్మీలో 88ఎం (ట్రక్కు డ్రైవర్ ఉద్యోగపు కోడ్)గా నాలుగేళ్లు ట్రక్కు నడిపి, ఆరు నెలల క్రితం బయటికొచ్చాను. సీడీఎల్‌కు (పెద్ద వాహనాల కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలా?

జవాబు: మీకు మినహాయింపు అవకాశం ఉంది, కానీ గడియారం తిరుగుతోంది. ఆ ఉద్యోగం వదిలిన ఏడాది లోపే అడగాలి, అంటే మీకు మిగిలింది ఆరు నెలలు. వదలడానికి ముందు రెండేళ్లు అలాంటి బండి నడిపి ఉండాలి. 88ఎం వాళ్లకు చాలా రాష్ట్రాలు రాతపరీక్ష కూడా తీసేస్తాయి. మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ ఫారం మీద కమాండర్ సంతకం కావాలి. యూనిట్ మారిపోయాక ఆ సంతకం దొరకడమే అసలు కష్టం, కాబట్టి ముందు ఆ పని చూడండి. మీరు నడిపిన బండి రకానికే మినహాయింపు. ట్రైలర్ లాగని ట్రక్కే నడిపి ఉంటే, ట్రైలర్ లాగే క్లాస్ ఏ మీద ఆశ పెట్టుకోకండి. మెడికల్ సర్టిఫికెట్ అందరికీ తప్పదు. ప్రమాదకర సరుకులు తీసుకెళ్లే అదనపు అనుమతి (ఎండార్స్‌మెంట్) కావాలంటే రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ తనిఖీ కూడా ఉంటుంది.

ప్రశ్న: లైసెన్స్ పరీక్ష ఫీజు జీఐ బిల్ (సైనికుల చదువు సాయం పథకం) కింద వస్తుందా? ఫెయిలైతే?

జవాబు: ఫెయిలైనా వస్తుంది, మళ్లీ రాసినా వస్తుంది. ఒక్కో పరీక్షకు 2,000 డాలర్ల దాకా. ఫారం 22-0803కు రసీదు, ఫలితం జతచేసి పంపండి. లైసెన్స్ జారీకి కట్టే ఫీజు మాత్రం ఇవ్వరు. మీ పరీక్ష వీఏ (మాజీ సైనికుల శాఖ) ఆమోదించిన జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.