డోరేమాన్ కామిక్స్: ముందు 1, 6, 7 కొనండి

మీ పాపకి టీవీ కార్టూన్‌లోని రోబో పిల్లి డోరేమాన్ అంటే ప్రాణమని, జపనీస్ కామిక్స్ 45 పుస్తకాలూ ఒకేసారి కొనెయ్యాలా అని అడిగారు కదండీ. ఒకేసారి వద్దు. ముందు 1, 6, 7 కొనండి. 6, 7 మాత్రం విడివిడిగా అస్సలు కొనకండి.

నేను ఉద్యోగం మీద నాలుగేళ్లు జపాన్‌లోని కవాసాకిలో ఉన్నాను. మావాడు అక్కడే ఒకటో తరగతిలో చేరాడు. హైదరాబాద్‌లో టీవీలో చూసిన డోరేమాన్ తప్ప ఆ ఊళ్లో వాడికి తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఈ పుస్తకాల్లో కాంజీ అనే కష్టమైన అక్షరాల పక్కనే అవి ఎలా పలకాలో తేలికైన బుల్లి హిరగానా అక్షరాల్లో వేసి ఉంటుంది. వాటిని కూడబలుక్కుంటూ వాడు చదవడం నేర్చుకున్నాడు, పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను.

ఆ ముచ్చటతోనే ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పాత సెట్ కొన్నాను. లెక్కపెడితే 45 ఉన్నాయి. తీరా చూస్తే 27 రెండు కాపీలు, 7 లేదు. అది మేం గమనించేలోపే వాడు 6లో చివరి కథ చదివేశాడు.

అందులో డోరేమాన్ భవిష్యత్తుకి తిరిగి వెళ్లిపోవాలి. డోరేమాన్ లేకపోయినా నెట్టుకురాగలనని చూపించడానికి, అతను ఇన్నాళ్లూ సాయపడిన పిల్లాడు నోబిత ఆ రాత్రి ఒంటరిగా, తనని ఎప్పుడూ ఏడిపించే జియాన్ మీదికి వెళ్తాడు. ఎంత కొట్టినా వదలడు. చివరికి జియానే ఓటమి ఒప్పుకుంటాడు. నిద్రపోతున్న నోబిత పక్కన డోరేమాన్ కన్నీళ్లతో కూర్చుని ఉంటాడు. తెల్లారేసరికి ఆ చోటు ఖాళీ. మావాడు పుస్తకం మూసి 7 కోసం అట్టపెట్టె అంతా వెతికాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ మూడు పాత పుస్తకాల షాపులు తిరిగి 7 పట్టుకొచ్చాను. డోరేమాన్ తిరిగొచ్చేది అందులో మొదటి కథలోనే.

అసలు ఈ కథలు తరగతికి ఒకటి చొప్పున ఉండే పిల్లల పత్రికల్లో వచ్చాయి. 1974లో మూడో తరగతి పత్రిక మార్చి సంచికలో డోరేమాన్ వెళ్లిపోయాడు, నాలుగో తరగతి పత్రిక ఏప్రిల్ సంచికలో తిరిగొచ్చాడు. జపాన్‌లో కొత్త తరగతులు మొదలయ్యేది ఏప్రిల్‌లోనే. అంటే అదే పిల్లలు పై తరగతికి వెళ్లేసరికి వాళ్లకోసం వచ్చేశాడన్నమాట. ఆ మధ్య రోజులు ఆ పిల్లలు ఎలా ఆగారో!

మిగతావి ఏ వరసలో చదివినా పర్వాలేదు, చాలావరకు దేనికదే కథ. 1,300కు పైగా ఉన్న కథల్లోంచి రచయిత ఫుజికో ఎఫ్. ఫుజియో స్వయంగా ఏరి కూర్చినవే ఈ 45. కుడి నుంచి ఎడమకి చదవాలని పాపకి ముందే చెప్పండి. జపనీస్ రాకపోతే 10 పుస్తకాల ద్విభాషా ఎడిషన్ ఉంది, మాటలు ఇంగ్లీషులో, పక్క అంచున జపనీస్. కిండిల్‌లో వచ్చిన రంగుల ఇంగ్లీషు ఎడిషన్‌లో మాత్రం నోబిత ‘నోబీ’ అయ్యాడు, జియాన్ ‘బిగ్ జీ’ అయ్యాడు. టీవీలో విన్న పేర్లకి అలవాటుపడిన పిల్లలకి అది రుచించదు.

పాత సెట్ కొంటే డబ్బు పంపే ముందు పుస్తకాలన్నీ వరసగా నిలబెట్టి, వెన్ను మీది నంబర్లు కనబడేలా ఫొటో తీసి పంపమనండి.