ఒక్క రోజులో కొండ: ఎక్కేది సరే, దిగేది ఎట్ల?

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ కొండల మీదే. లేహ్ పోయేవాళ్ళు, హార్సిలీ హిల్స్ సైకిల్లో ఎక్కాలనుకునేవాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, అందరికీ పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయాలంట. సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

ప్రశ్న: అన్నా, అలిపిరి మెట్లు రెండు గంటల్లో ఎక్కేస్తా, ఆదివారం ఆదివారం సైకిల్ కూడా తొక్కుతా. ఆగస్టులో ఫ్రెండ్స్‌తో ఫ్లైట్‌లో లేహ్ పోతా ఉన్నాం, లీవు నాలుగు రోజులే. దిగిన మరుసటి రోజే లేహ్ పైన ఉండే ఖర్దుంగ్ లా కనుమ సైకిల్ మీద ఎక్కి సాయంత్రానికి రూముకి వచ్చేద్దామని ప్లాన్. నా స్టామినా సరిపోతాదా?
- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: స్టామినా సరిపోతాది తమ్ముడూ, గాలే సరిపోదు.

ముందు లెక్క చూడు. తిరుపతి నుంచి తిరుమలకి మన ఘాట్ 18 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 700 మీటర్ల దగ్గర, అంటే వంద మీటర్లు పోతే నాలుగు మీటర్లు పైకి. లేహ్ ఊరు 3,500 మీటర్ల మీద ఉంటాది, ఖర్దుంగ్ లా 5,359, మధ్యలో దారి 40 కిలోమీటర్లు. వందకి నాలుగున్నర చిల్లర. వాలు మాత్రమే చూస్తే మన ఘాట్‌కీ దానికీ పెద్ద తేడా లేదు, ఈ లెక్క చూసే శానామంది మోసపోతారు. గాలి సంగతి వేరే. లేహ్‌లోనే గాలి పీడనం మన దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు, పైన కనుమ దగ్గరికి పోతే సగం కంటే రవ్వంత ఎక్కువ, అంతే. గాలిలో ఆక్సిజన్ శాతం అదే 21, కానీ గాలే పల్చగా ఉంటే ఒక్కో ఊపిరికి లోపలికి పోయేది తగ్గుతాది కదా. ఎంత ఫిట్‌గా ఉన్నోడికైనా ఆ ఎత్తులో తొక్కే సత్తువ మూడో వంతుకు పైనే పడిపోతాది. (అన్నట్టు ఆడ బోర్డు మీద శానా ఏళ్ళు 18,380 అడుగులు అని రాసుండేది, పాత ఫోటోలన్నీ దాంతోనే. జీపీఎస్‌తో కొలిస్తే వచ్చింది 17,582 అడుగులు. ఊపిరి ఆడనోడికి ఆ 800 అడుగుల తేడా పట్టదులే.)

ఇంకొకటి, ఇది ఎవరూ నమ్మరు: ఎత్తు మీద వచ్చే జబ్బుకి ఫిట్‌నెస్ అడ్డం కాదు. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా రావచ్చు. పైకి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడంతో మొదలవుతాది. కుర్రోళ్ళు కాళ్ళల్లో బలం ఉందని గబగబా పోతారు కాబట్టి వాళ్ళే ఎక్కువ ఇరుక్కుంటారు. అలిపిరి ఎన్నిసార్లు ఎక్కినా కాళ్ళకీ గుండెకీ బలం వస్తాదే తప్ప 850 మీటర్ల తిరుమల నీ రక్తానికి లేహ్ గాలి అలవాటు చెయ్యలేదు.

కాబట్టి నాలుగు రోజులే అయితే ఖర్దుంగ్ లా వదిలెయ్, ఇంకో ఏడాది చూసుకో. దిగిన రోజూ మరుసటి రోజూ రూములో, బజారులో మెల్లగా తిరుగు. మూడో రోజు సింధు నది వెంబడి థిక్సే మఠం దాకా సైకిల్ తొక్కు, 20 కిలోమీటర్ల లోపే, దారి కూడా బాగుంటాది. ఇంకో మూడు రోజులు లీవు దొరికితే అప్పుడు మాట్లాడదాం: నాలుగో రోజు కనుమ దారి మధ్యలో ఉండే సౌత్ పుల్లు చెక్‌పోస్ట్ దాకా ఎక్కి వెనక్కి వచ్చి లేహ్‌లోనే పడుకో, తలనొప్పి లేకపోతే ఒక రోజు గ్యాప్ ఇచ్చి ఆరో రోజు కనుమ. పగలు పైకి పోయినా రాత్రికి లేహ్‌కి దిగొచ్చేస్తావు, ఒక్క రోజు ప్లాన్‌లో ఉన్న మంచి అదే. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చా అనేది బయల్దేరే ముందే డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడవంటే ఆ ముక్క మర్చిపోకుండా చెప్పు. పైన ఎవడికైనా తాగినోడిలా నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఫోటో గీటో అనకుండా వెంటనే కిందికి దించండి. వెంట ఆక్సిజన్ సిలిండర్ ఉన్నా సరే, దించాల్సిందే.

ప్రశ్న: సార్, మదనపల్లి నుంచి హార్సిలీ హిల్స్ సైకిల్ మీద పోయి, పైన కొంచెం ట్రెక్ చేసి, అదే రోజు తిరిగి రావాలని ఉంది. నా దగ్గర మామూలు సైకిల్ ఉంది, గేర్లు లేవు. గేరు సైకిల్ కొనాల్సిందేనా?
- డిగ్రీ స్టూడెంట్, పీలేరు

జవాబు: కొనొద్దు, ఒక రోజుకి ఎవర్నన్నా అడిగి తీసుకో. ఎందుకంటే చెప్తా. మామూలు సైకిల్‌కి చైను తిరిగే పళ్ళ చక్రాల్లో ముందు దానికి 44 పళ్ళు, వెనక దానికి 18 ఉంటాయి. పెడల్ ఒక్క రౌండు తిప్పితే చక్రం రెండున్నర రౌండ్లు. ఘాట్‌లో గంటకి 8 కిలోమీటర్లు పోతా ఉన్నావనుకో, నీ కాళ్ళు నిమిషానికి పాతిక రౌండ్లు మాత్రమే తిరుగుతాయి, అంటే ప్రతి తొక్కుడికీ లేచి నిలబడి ఒళ్ళంతా పెడల్ మీద వెయ్యాల. మోకాలు అక్కడే పోతాది. ముందు 34, వెనక 34 ఉన్న గేరులో అదే స్పీడుకి నిమిషానికి అరవై చిల్లర తిరుగుతాయి, కూర్చునే పోవచ్చు. ఎన్ని గేర్లు అని చూడొద్దు, 21 గేర్లు అని స్టిక్కర్ ఉంటే ఏమి, అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలికో అది చూడు.

మదనపల్లి 700 మీటర్ల దగ్గర, హార్సిలీ హిల్స్ 1,265. దూరం 30 కిలోమీటర్ల లోపు, కానీ ఆ ఎత్తులో ఎక్కువ భాగం చివర్లో ఘాట్ మీదే వస్తాది. అందుకే ముందు ఫ్లాట్‌లో మెల్లగా పో, ఆడ రేసు పెట్టుకోవద్దు. పెద్దోళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు, కడప కలెక్టర్ హార్సిలీ ఎండాకాలానికి ఇల్లు కట్టుకున్నాక ఈ పేరు వచ్చింది. ఎండాకాలానికి అనే మాట గుర్తు పెట్టుకో, డిసెంబరులో పొద్దున్నే చెమటతో తడిసిన చొక్కాతో దిగితే వణుకు పుడతాది. చొక్కా లోపల గుండె మీద న్యూస్‌పేపర్ పెట్టుకుంటే గాలి ఆగుతాది, ఖర్చు లేదు.

అసలు పని దిగేటప్పుడు. సైకిల్, నువ్వు కలిపి 80 కిలోలు అనుకుంటే, ఆ 560 మీటర్లు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తితో లీటరు నీళ్ళు సలసలా మరిగించొచ్చు. కొంత గాలికి పోయినా మిగిలిందంతా బ్రేకు దగ్గర వేడే. రిమ్ బ్రేకులు అదేపనిగా పట్టుకుని దిగితే రిమ్ కాలి ట్యూబు పేలిన కేసులు ఉన్నాయి. మలుపుకి ముందే గట్టిగా పట్టు, మలుపులో వదులు, రెండు బ్రేకులూ వాడు, మధ్యలో ఆగి చల్లారనీ. బ్రేకు కట్టలు కొత్తవి వేయించుకో, ట్యూబు, పంపు, పంచర్ కిట్ పెట్టుకో, ఘాట్‌లో షాపు ఉండదు. పైన ట్రెక్ సంగతి అంటావా, ముందు పైకి చేరు, కాళ్ళే చెప్తాయి.

ప్రశ్న: అన్నా, ఏడాదికి రెండుసార్లు శ్రీవారి మెట్టు ఎక్కుతాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఈ మధ్య ఆఫీసు వాళ్ళతో తమిళనాడులో ఒక కొండకి పోయి ఎక్కి దిగితే మూడు రోజులు మెట్లు దిగలేకపోయాను. వయసు వల్లా?
- గృహిణి, ఉద్యోగిని, చంద్రగిరి

జవాబు: వయసు కాదు అక్కా, బస్సు వల్ల. మన ఊరోళ్ళందరి కథా ఇదే. 2,388 మెట్లు ఎక్కుతాం, దర్శనం చేసుకుంటాం, లడ్డూలు సంచిలో వేసుకుని బస్సెక్కి కిందికి వస్తాం. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కినా అంతే. మన కాళ్ళకి ఎక్కడం తెలుసు, దిగడం ఎప్పుడు నేర్పినాం? ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటా పని చేస్తాది, దిగేటప్పుడు సాగుతా ఒంటి బరువుని ఆపుతాది. అలవాటు లేని కండరం సాగుతా బరువు మోస్తే లోపల సన్నగా చిరుగులు పడి ఒకటి రెండు రోజుల తర్వాత నొప్పి బాగా తెలుస్తాది. నాలుగైదు రోజుల్లో పోతాది. మంచి సంగతి ఏమంటే ఒకసారి దిగితే ఆ కండరం కొన్ని వారాలు గుర్తు పెట్టుకుంటాది, రెండోసారి ఇంత నొప్పి ఉండదు.

కాబట్టి కొండకి పోయే ముందు మూడు వారాలు మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌లో పైకి పోయి మెట్ల మీద దిగండి. నవ్వొద్దు, సీరియస్‌గానే చెప్తా ఉన్నా. దిగేటప్పుడు చిన్న అడుగులు, మోకాలు కొద్దిగా వంచి, చేతిలో కర్ర ఉంటే ఇంకా మేలు. కండరం నొప్పి కాకుండా మోకాలి కీలులోనే వాపు, పట్టేసినట్టు ఉంటే మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: శేషాచలం అడవిలో సొంతంగా ట్రెక్ పోవచ్చా? వీడియోలు చూస్తే ఎవరెవరో పోతా ఉన్నారు.
- తిరుచానూరు

జవాబు: వద్దు. అది నేషనల్ పార్క్, పర్మిషన్ లేకుండా లోపలికి పోతే కేసు. పైగా ఎర్రచందనం అడవి, బ్యాగు తగిలించుకుని దారి లేని చోట తిరిగితే స్మగ్లర్లని పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్ళు నిన్ను ట్రెక్కర్ అనుకోరు. రామకృష్ణ తీర్థం, తుంబురు తీర్థం ముక్కోటి రోజుల్లో భక్తులకి దారి తెరుస్తారు, అప్పుడు పో. చిరుతల సంగతి తెలిసిందే, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత చంపేసినాక టైములు, పిల్లల వయసు మీద ఆంక్షలు పెట్టినారు. ఆ రోజు రూలు ఏముందో కింద చెక్‌పోస్ట్ దగ్గర అడిగి కదలండి.

ప్రశ్న: ఒక్క రోజు కొండకి ఎన్నింటికి బయల్దేరాలి? ఎన్ని నీళ్ళు?
- చిత్తూరు

జవాబు: స్కాట్లండ్‌లో నెయిస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క చెప్పినాడు, ఇప్పటికీ వాడతారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అలిపిరికి వేసి చూడు, సుమారు 9 కిలోమీటర్లు, 700 మీటర్లు, మూడు గంటలు వస్తాది. మనోళ్ళు ఎక్కేది కూడా అంతే కదా, ఎక్కడో స్కాట్లండ్ లెక్క మన మెట్లకి సరిపోయింది. కానీ అది ఆగకుండా నడిచేవాళ్ళకి, చలి దేశంలో. మన ఎండకి సగం కలుపుకో. వచ్చిన గంటల్ని సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే రాసుకో. ఆ టైముకి శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తా ఉన్నా సరే తిరిగెయ్.

నీళ్ళు గంటకి అర లీటరు నుంచి ముప్పావు. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పల్చనై అది ఇంకో ప్రమాదం, కాబట్టి ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కలుపుకో. తినడానికి శెనక్కాయ ఉండలు, ఎనర్జీ బార్ల కంటే నాకు అవే నచ్చుతాయి, జేబులో కరగవు కూడా.

ప్రశ్న: ఎవరెస్ట్ ఎత్తు 8,848 మీటర్లు ఒకే కొండని మళ్ళీ మళ్ళీ సైకిల్‌తో ఎక్కి పూర్తి చేస్తారంట, ఎవరెస్టింగ్ అంట. తిరుమల ఘాట్‌లో చెయ్యొచ్చా?
- ఇంజినీరింగ్ స్టూడెంట్, తిరుపతి

జవాబు: 1994లో ఆస్ట్రేలియాలో డోనా బువాంగ్ అనే కొండ మీద జార్జ్ మాలొరీ అనే ఆయన ఇట్ల చేసినాడు. 1924లో ఎవరెస్ట్ మీద కనపడకుండా పోయిన మాలొరీకి మనవడు, పేరు కూడా అదే. మరుసటి ఏడు నిజం ఎవరెస్టే ఎక్కేసినాడు.

తిరుమలకి లెక్క వేస్తే 13 సార్లు ఎక్కాల, ఎక్కడమే 234 కిలోమీటర్లు. కానీ రూలు ప్రకారం ఎక్కిన రోడ్డులోనే దిగాల, మధ్యలో నిద్రపోకూడదు. మన ఘాట్‌లు రెండూ వన్‌వే: 1974లో వేసిన కొత్త దాంట్లో ఎక్కాల, 1944 నాటి పాత దాంట్లో దిగాల. రూలు అక్కడే తప్పిపోయింది. పైగా రాత్రి ఘాట్ మూసేస్తారు, బస్సుల రద్దీ, చిరుతలు. హార్సిలీ ఘాట్ అయితే ఎక్కేదీ దిగేదీ ఒకటే రోడ్డు. ముందు ఒక ఆదివారం దాన్ని రెండుసార్లు వెంటవెంటనే ఎక్కి దిగు. మూడోసారికి సైకిల్ తిప్పాలనిపిస్తే అప్పుడు రాయి, మిగతా లెక్క వేద్దాం.