పసిగుడ్డుతో ఏం మాట్లాడాలి?

చిట్టితల్లీ,

పురిటిస్నానం రోజు ఫోన్లో "పెద్దమ్మా, కళ్లు కూడా సరిగ్గా తెరవని దానితో ఏం మాట్లాడను? గోడతో మాట్లాడినట్టుంది" అన్నావు. అప్పుడు నవ్వేశాను కానీ జవాబు బాకీ పడిపోయాను.

నేనూ అలా అనుకున్నదాన్నే. ప్రసూతి వార్డులో నర్సుగా చేసే రోజుల్లో, బిడ్డతో కబుర్లాడుతున్న ఓ తల్లిని "దానికేం తెలుస్తుందమ్మా, పడుకోబెట్టు" అని కసిరాను. ఆ అమ్మాయి ముఖం ఇంకా గుర్తుంది.

తెలుస్తుందే తల్లీ. 2003లో ఇటలీలో మార్సెలా పెన్యా, జాక్ మెలేర్ బృందం, పుట్టి ఐదు రోజులు కూడా దాటని పిల్లలకి మాటలు వినిపించి, మెదడులో రక్తప్రసరణ ఎలా మారుతోందో తల మీద సన్నటి కాంతి వేసి కొలిచింది. మామూలు మాటలకి ఎడమవైపు బాగా స్పందించింది. అదే రికార్డుని తిరగేసి వేస్తే అంత స్పందన లేదు. గొంతు అదే, కానీ మాట కాదని పసిగట్టేశారు!

కడుపులో ఉన్నప్పుడే నీ మాట వింది మరి. పక్కగదిలో మాట్లాడుతుంటే పదాలు అందకపోయినా, మాట తీరుని బట్టి ఎవరో పోల్చుకుంటాం చూడు, అలాగ.

అందుకని నూనె రాసేటప్పుడు "ఏదీ, ఈ కాలు ఇటివ్వు" అని నోటికొచ్చింది చెప్పు. చెప్పి, ఆగు. మా మనవరాలైతే కాళ్లాడించడం మానేసి, పెదాలు సున్నాలా చుట్టేది. కాసేపటికి ఓ చిన్న కూత. అదే దాని జవాబు, దానికి మళ్లీ నువ్వు ఊ కొట్టు. టీవీ ఇలా ఆగదు, అందుకే దాన్ని కట్టెయ్.

మీ ఆయన ఇంట్లో ఇంగ్లీషే చాలంటున్నాడు కదా, ఇది చదివి వినిపించు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో తేల్చిన సంగతి: ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఆరేడు నెలలకి హిందీలోని త, ట తేడా పట్టేస్తారు. ఏడాది నిండేసరికి చాలామందికి అది పోతుంది. మన 'తాత', 'టాటా' తేడా అదేగా! ఇంగ్లీషు ఆ డల్లాస్ వీధుల్లో ఎలాగూ వస్తుంది.

అన్నట్టు, వినికిడి పరీక్ష చేశారా? నెలలోపు అయిపోవాలి. డిశ్చార్జి కాగితాల్లో చూసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ