అమెరికా సివిల్ వార్ బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా? కొత్త భూములకీ దానికీ సంబంధమేంటి?

మీరు అడిగింది మంచి ప్రశ్న. బానిసత్వం అమెరికాలో మొదట్నుంచీ ఉన్నదే, మరి 1861లోనే యుద్ధం ఎందుకొచ్చింది?

నేను కాన్సస్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాను. మా ఇంటికి పది నిమిషాల దూరంలో స్టేట్ లైన్ రోడ్. రోడ్డుకి ఇటు కాన్సస్, అటు మిస్సోరి. అటువైపు పెట్రోలు కాస్త చవక, అందుకే అటెళ్లి కొట్టించుకుంటాం. వచ్చిన కొత్తలో ఆ గీత గురించి నాకు తెలిసింది అంతే. యుద్ధం గురించి అయితే స్కూల్లో చదివినదే: లింకన్ బానిసత్వం రద్దు చేస్తానన్నాడు, దక్షిణాది ఒప్పుకోలేదు, కొట్టుకున్నారు.

ఇది సగమే నిజం. 1860 నాటికి అసలు తగువు దక్షిణాదిలో ఉన్న బానిసత్వాన్ని తీసేయాలా అని కాదు, పడమట కొత్తగా కలిసిన నేలలోకి దాన్ని పాకనివ్వాలా అని. ఉన్నచోట ముట్టుకోం, ఇంకా రాష్ట్రాలు కాని కొత్త టెరిటరీల్లోకి మాత్రం రానివ్వం అన్నదే ఆ ఎన్నికల్లో లింకన్ పార్టీ మాట.

రానివ్వకపోతే దక్షిణాదికి ఏం పోయింది? నాన్నగారు మా దగ్గరికి వచ్చినప్పుడు ఇదే అడిగారు. మాది గుంటూరు వైపు, ఆయన చాలా ఏళ్లు పత్తి వేశారు. ఏటా అదే పంట వేస్తే నేల ఎలా చస్తుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. "నేల పోయాక వాళ్లేం చేశార్రా?" అన్నారు. పడమటికి జరిగారు నాన్నా: జార్జియా నుంచి అలబామా, మిసిసిపి, అక్కణ్ణుంచి టెక్సస్. కొత్త పొలాలు తెరుచుకున్న కొద్దీ మనుషుల రేటు పెరిగేది. వర్జీనియాలో పొలం సరిగా పండకపోయినా, బానిసల్ని ఆ కొత్త పత్తి పొలాలకి అమ్ముకుని డబ్బు చేసుకున్నవాళ్లున్నారు. 1860 జనాభా లెక్కల్లో బానిసలు 39 లక్షల 53 వేల పైచిలుకు. ఆ దారి మూసుకుపోతే యజమానుల ఆస్తి విలువే పడిపోతుంది. పైగా సెనేట్‌లో జనాభాతో పని లేకుండా రాష్ట్రానికి రెండు సీట్లు. 1819లో 11 బానిస రాష్ట్రాలు, 11 స్వేచ్ఛా రాష్ట్రాలు. కొత్త రాష్ట్రం ఎటు చేరినా తక్కెడ ఒరిగిపోతుందని అందరికీ టెన్షనే.

1820లో ఒక రాజీ చేశారు. మిస్సోరి బానిస రాష్ట్రం, మెయిన్ స్వేచ్ఛా రాష్ట్రం. ఫ్రాన్స్ దగ్గర కొన్న మిగతా భూమిలో 36 డిగ్రీల 30 నిమిషాల గీతకి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదు. ముప్ఫై ఏళ్లు ఎలాగో నడిచింది. 1848లో మెక్సికోని ఓడించి కాలిఫోర్నియా దాకా నేల తెచ్చుకునేసరికి పాత గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 1854లో స్టీఫెన్ డగ్లస్ అనే సెనేటర్ ఆ గీతే చెరిపేయించి, కాన్సస్, నెబ్రాస్కాల్లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే తేల్చుకోవాలన్నాడు. వినడానికి ఎంత ప్రజాస్వామ్యంగా ఉంది! తేలింది మాత్రం ఇలా.

నాన్నగారిని అప్పటి కాన్సస్ టెరిటరీ రాజధాని లెకాంప్టన్ తీసుకెళ్లాను, మా ఇంటి నుంచి గంట ప్రయాణం. 1856లో కట్టిన రెండంతస్తుల చెక్క భవనం ఇప్పుడు మ్యూజియం. అప్పట్లో కింద భూముల ఆఫీసు, పైన శాసనసభ. నేలకోసం క్యూ, దాని నెత్తిన రాజకీయం. 1855 మార్చిలో ఆ శాసనసభకి జరిగిన ఎన్నికల లెక్క ఆయనకి చెప్పాను: అర్హులైన ఓటర్లు 2,905, పడిన ఓట్లు 6,307. నాన్నగారు పగలబడి నవ్వారు. "ఏరా, ఇది రిగ్గింగే కదా!" బానిసత్వం వైపు గెలవాలని మిస్సోరి నుంచి జనం ఆయుధాలతో గుంపులుగా వచ్చి ఓట్లేసి వెళ్లిపోయారు. నేను పెట్రోలుకి దాటే సరిహద్దే.

తర్వాత రక్తం పారింది. 1856 మే 21న బానిసత్వం వైపువాళ్లు, దాన్ని వద్దనేవాళ్లుండే లారెన్స్ ఊరి మీద పడి ఫ్రీ స్టేట్ హోటల్‌ని నేలమట్టం చేశారు. మూడు రోజులకి జాన్ బ్రౌన్ ముఠా బానిసత్వం వైపున్న ఐదుగుర్ని ఇళ్లలోంచి లాక్కొచ్చి నరికింది. బానిసత్వాన్ని ఎదిరించినవాడని ఆయన్ని మెచ్చుకునేవాళ్లు ఆ రాత్రిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

1857లో కాన్సస్ రాష్ట్రం కావడానికి అదే చెక్క భవనంలో రాసిన రాజ్యాంగం ఇంకో తమాషా. జనానికిచ్చిన ఆప్షన్లు రెండు: బానిసత్వంతో, బానిసత్వం లేకుండా. రెండోదానికి ఓటేసినా అప్పటికే అక్కడున్న బానిసలు బానిసలుగానే ఉంటారు! అధ్యక్షుడు బుకానన్ దీన్నే నెత్తికెత్తుకున్నాడు. ఆయనలాగే డెమొక్రాటిక్ పార్టీవాడైన డగ్లస్‌కే ఒళ్లు మండి అడ్డం తిరిగాడు. 1858లో కాన్సస్ ఓటర్లు దాన్ని చిత్తుగా ఓడించారు, కానీ డెమొక్రాటిక్ పార్టీలో పడిన బీట అతకలేదు. 1860లో ఆ పార్టీ నుంచి ఇద్దరు అభ్యర్థులు నిలబడ్డారు. మొత్తం నలుగురి పోటీలో లింకన్ 40 శాతం లోపు ఓట్లతోనే గెలిచాడు. డిసెంబర్ 20న సౌత్ కరోలినా విడిపోయింది. 1861 జనవరి 21న, తర్వాత దక్షిణాదికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌తో సహా ఐదుగురు దక్షిణాది సెనేటర్లు లేచి వెళ్లిపోతే, అదే రోజు సెనేట్ కాన్సస్‌ని స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకునే బిల్లు పాస్ చేసింది. అడ్డుపడేవాళ్ల సీట్లు ఖాళీ మరి. ఏప్రిల్ 12న సౌత్ కరోలినాలోని కేంద్ర ప్రభుత్వ కోట ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది.

ఇక రాష్ట్రాల హక్కుల సంగతి. మా ఆఫీసులో మిస్సోరి కుర్రాడొకడు, యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసమే అని గట్టిగా అనేవాడు. 1850 చట్టం ప్రకారం పారిపోయిన బానిసని పట్టించడానికి కేంద్ర ప్రభుత్వమే దిగేది; బానిసే అని తేలిస్తే, విచారించే కేంద్ర అధికారి అయిన కమిషనర్‌కి 10 డాలర్లు, కాదని వదిలేస్తే 5. ఉత్తరాది రాష్ట్రాలు దీనికి అడ్డంగా సొంత చట్టాలు చేసుకున్నాయి. విడిపోతూ సౌత్ కరోలినా చేసిన ఫిర్యాదుల్లో, ఉత్తరాది రాష్ట్రాలు అలా సొంత హక్కు వాడుకోవడమే ఒకటి. మిసిసిపి ప్రకటనైతే మొదట్లోనే, మా వైఖరి బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉందని దాపరికం లేకుండా రాసుకుంది. దాన్ని ప్రింట్ తీసి అతని టేబుల్ మీద పెట్టాను. చదివాడు, మడిచి డ్రాయర్లో పెట్టాడు, "లంచ్‌కి వెళ్దామా?" అన్నాడు.