కోడిపిల్లల మొదటి మేత అరువు మీద తేవద్దు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువు మీద జీతానికి ఉంటారు, నెలకు రూ.18,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు. ఇంటి ఖర్చు రూ.16,000 దాకా అవుతోంది. బ్యాంకులో రూ.60,000 ఉంది, మేం దాచుకున్నది అంతే. ఇంటి వెనక ముప్పై సెంట్ల కొబ్బరితోటలో 300 వనరాజా రకం పెరటి కోడిపిల్లల్ని పెంచి కనుమకు అమ్మాలని ఉంది. షెడ్డుకు రూ.45,000, పిల్లలకు ఒక్కొక్కటి రూ.35 చొప్పున రూ.10,500 అవుతాయి. దాణా మాత్రం కొట్టు ఆయన అరువిస్తానన్నారు, కోళ్ళు అమ్మాక కట్టొచ్చట. నగదుకైతే బస్తా రూ.2,250, అరువుకు రూ.2,450, నెల దాటితే నూటికి మూడు రూపాయల వడ్డీ. పిల్లలకు బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ వెయ్యాలా, చిక్ మ్యాష్ వెయ్యాలా? నూకలూ తవుడూ కలిపి సరిపెట్టుకోవచ్చా? చెరువు దగ్గర మిగిలిన రొయ్యల మేత ఊరికే వస్తుంది, అది పనికొస్తుందా? ఆరు వారాలు దాటాక ఎలాగూ తోటలో తిరిగి తింటాయి కదా?

జవాబు: అమ్మా, చిక్ మ్యాషే వెయ్యండి. గుడ్ల కోళ్ళ పిల్లల కోసం చేసేది, ప్రొటీన్ 20 శాతం ఉండేది. దించిన రోజు నుంచి ఆరు వారాలు నిండేదాకా అందులో ఏమీ కలపకుండా, నగదు పెట్టి కొని వెయ్యండి. ఆ నగదు మాట కోసమే మీకు జవాబు రాస్తున్నాను. ఉన్న డబ్బంతా షెడ్డుకీ పిల్లలకీ పోసి, మేతను కొట్టు ఖాతాలోకి నెట్టేయడం డెల్టా పల్లెల్లో ఇంటింటా జరుగుతున్న పొరపాటు. షెడ్డు కంటికి కనిపిస్తుంది కాబట్టి దానికి లెక్క వేస్తారు. మేతకు ఎవరూ కాగితం మీద లెక్క వెయ్యరు. మీ ఉత్తరంలో కూడా ఆ లెక్క లేదు. అదేదో ఇక్కడే వేద్దాం.

వనరాజా పిల్ల ఆరు వారాలకు సుమారు కిలోన్నర మేత తింటుంది. మొదటి వారం 70 గ్రాములు, రెండోది 140, మూడోది 210, తరవాత 290, 360, 430. మీ 300 పిల్లలకు మొదటి వారం 21 కిలోలు చాలు, సగం బస్తా కూడా ఖాళీ కాదు. ఇక్కడే అందరూ మోసపోతారు. ‘ఇంతేనా ఖర్చు’ అనిపిస్తుంది, చేతిలో మిగిలిన నాలుగు రూపాయలూ ఇంకో పనికి వెళ్ళిపోతాయి. నాలుగో వారం 87 కిలోలు, అయిదో వారం 108, ఆరో వారం 129 కిలోలు కావాలి. మొత్తం 450 కిలోలు, అంటే 9 బస్తాలు, నగదు ధరకే రూ.20,250. ఇందులో డెబ్బై శాతం పైగా చివరి మూడు వారాల్లోనే ఖర్చవుతుంది. షెడ్డూ పిల్లలూ పోను మీ దగ్గర మిగిలేది రూ.4,500. దానికి రెండు బస్తాలు వస్తాయి. మూడో వారం ముగిసేసరికి 300 పిల్లలు 126 కిలోలు తింటాయి. అంటే ఆ వారం దాటకముందే మీరు కొట్టు మెట్లు ఎక్కాలి.

అప్పుడేమవుతుందో చూడండి. తొమ్మిది బస్తాలకూ అరువు ధర రూ.22,050. బస్తాకు రెండు వందల చొప్పున అక్కడే రూ.1,800 ఎక్కువ. దాని మీద మూడు నెలల వడ్డీ రూ.1,985. రెండూ కలిపితే రూ.3,785, బస్తాన్నర పైగా మేత ఖరీదు ఊరికే పోయింది. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం అని మనవాళ్ళు నోటితో అనరు, అందుకే అది చిన్నదిగా వినిపిస్తుంది. పుట్టి రెండు నెలలైనా నిండని పిల్లల మీద 36 శాతం వడ్డీకి అప్పు చెయ్యడం నేను ఏ రకంగానూ ఒప్పుకోను. వడ్డీ కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అరువు మనిషికి బస్తా ఎంచుకునే హక్కు ఉండదు. తేదీ దాటినది ఇచ్చినా, తడిసి ఆరినది ఇచ్చినా, చిక్ మ్యాష్ అయిపోయిందని ఎదిగిన పిల్లలకు వేసే గ్రోయర్ మ్యాష్ ఇచ్చినా తలకెత్తుకుని రావాల్సిందే. నగదు చేతిలో ఉంటే పక్క కొట్టుకు పోవచ్చు.

బస్తా ఎంచుకోవడం ఎలాగో చెబుతాను, ఇది డబ్బు సంగతే. ముందు బస్తాకు కుట్టిన చీటీ చదవండి. ప్రొటీన్ 20 శాతం, కాల్షియం ఒక శాతం దగ్గర ఉండాలి. కాల్షియం 3 శాతం పైన కనిపిస్తే అది గుడ్లు పెట్టే కోళ్ళ లేయర్ మ్యాష్, సంచులు దాదాపు ఒకేలా ఉంటాయి. అది పిల్లలకు వేస్తే మూత్రపిండాలు దెబ్బతిని, లోపల తెల్ల సున్నంలా పేరుకుని చచ్చిపోతాయి. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్‌లో ప్రొటీన్ 22, 23 శాతం ఉంటుంది, నెలన్నరలోపే కోతకు వచ్చే కోడికి అది అవసరం. మీ పిల్లలకు చెడు చెయ్యదు గానీ అయిదు నెలలు పెంచే కోడికి ఆ అదనపు ధర దండగ.

తరవాత తయారీ తేదీ. వానాకాలంలో నెల దాటిన బస్తా తీసుకోకండి. మూట విప్పించి గుప్పెడు మేత తీసి గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలిపోవాలి. ఉండ కట్టి అలాగే నిలిచిందంటే తేమ పట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మొక్కజొన్న పిండి వాసన రావాలి, పాతగోనె వాసన రాకూడదు. బూజు పట్టిన మేతను ఎండలో పోసి వాడేవాళ్ళున్నారు. ఎండకు బూజు పోతుంది, అది వదిలిన విషం పోదు. కాలేయం పాడై పిల్లలు ఎదగవు, వేసిన టీకా కూడా సరిగ్గా పట్టదు. అందుకే లూజుగా తూచి ఇచ్చే మేత వద్దంటున్నాను, దానికి చీటీ ఉండదు, తేదీ ఉండదు. ఇంటికి తెచ్చాక బస్తాను గచ్చు మీద పెట్టకండి. చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటే ఇంకా మంచిది.

చీటీ మీద రక్తపారుడు రాకుండా కలిపే మందు, అదే కాక్సిడియా మందు, ఉందో లేదో కూడా చూడండి. వానల్లో పిల్లల కింద పరిచిన ఊక తడిసిందంటే మూడు నుంచి అయిదు వారాల మధ్య రెట్టలో రక్తం కనపడుతుంది. మేతలో ఆ మందు లేకపోతే నీళ్ళలో ఏది ఇవ్వాలో పశువుల డాక్టరు గారిని ముందే అడిగి పెట్టుకోండి.

ఇక నూకలూ తవుడూ. నూకల్లో ప్రొటీన్ 8 శాతం దగ్గర, తవుడులో 12, 13. సగం సగం కలిపితే పది శాతం పైన రాదు, పిల్లకు కావలసింది 20. చిక్ మ్యాష్‌లో సగం నూకలు కలిపినా 14కు పడిపోతుంది. ఈకలు రావు, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, కాళ్ళు వంకరపోతాయి, నెలన్నరకు ఉండాల్సిన బరువులో సగం కూడా ఉండవు. మొదటి ఆరు వారాల్లో పోయిన ఎదుగుదల తరవాత ఎంత మేపినా కనుమలోపు తిరిగి రాదు. తవుడు కొన్ని వారాలు నిలవుంటే చేదెక్కుతుంది కూడా. రొయ్యల మేతలో ప్రొటీన్ 35 శాతం దాకా ఉంటుంది, అది రొయ్యకు కావలసిన లెక్క. కోడిపిల్లకు వేస్తే ఒంటికి పట్టని ప్రొటీన్ యూరిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాల మీద పడుతుంది, నీళ్ళు ఎక్కువ తాగి ఊకంతా తడిపేస్తాయి. ఊరికే వచ్చినా వద్దు.

మంచి మేత కొని దాన్ని తినలేని పరిస్థితిలో పిల్లల్ని ఉంచితే అదీ దండగే. మొదటి వారం బల్బు కింద వేడి 35 డిగ్రీలు ఉండాలి, తరవాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకు రావాలి. చలేస్తే పిల్లలు కుప్పగా పడి మేత దగ్గరకు రావు, మనం మేత బాగోలేదనుకుంటాం. దించగానే ముందు నీళ్ళు, రెండు మూడు గంటల తరవాత ఊక మీద పేపర్లు పరిచి మేత చల్లండి. మర్నాడు పది పిల్లల్ని పట్టుకుని మెడ కింద మేత సంచిని వేలితో తడిమి చూడండి. నానిన అన్నం ముద్దలా మెత్తగా ఉంటే తిన్నాయి, తాగాయి. గట్టిగా ఉంటే నీళ్ళు చాలలేదు. ఖాళీగా ఉంటే వేడో, వెలుతురో, మేత గిన్నెల సంఖ్యో తక్కువైంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది చివరి వాక్యం. ముప్పై సెంట్ల తోట 300 కోళ్ళ కడుపు నింపలేదు. పురుగూ పుట్రా వారం తిరక్కుండా అయిపోతాయి. ఆ తరవాత రోజుకు కోడికి 50 గ్రాములు మీరు పెట్టాల్సిందే, అంటే రోజుకు 15 కిలోలు, నెలకు 450. నూకలూ గ్రోయర్ మ్యాషూ కలిపిన మేత కిలో రూ.26 అనుకున్నా నెలకు రూ.11,700, కనుమ దాకా మూడున్నర నెలలకు దాదాపు రూ.41,000. మొదటి ఆరు వారాలదీ కలిపితే ఒక్క మేతకే రూ.61,000 దాటింది. మీరు దాచుకున్న మొత్తం కంటే అది ఎక్కువ.

ఆ రూ.60,000 కోళ్ళ డబ్బు కాదమ్మా. మీ ఇంటి ఆపద్ధనం. మీ ఆయన జీతం చెరువు మీద ఆధారపడింది. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు ఎత్తేస్తే, రేటు పడిపోయి యజమాని పంట విరామం ఇస్తే ఆ నెల నుంచే జీతం ఆగుతుంది. నెలకు రూ.16,000 చొప్పున మూడు నెలల ఖర్చు రూ.48,000. ఇది పిల్లల జ్వరానికీ ఇంటి బియ్యానికీ. కోళ్ళ కోసం, షెడ్డు కోసం, ఎవరు అడిగినా ముట్టుకోకూడదు. వేరే ఖాతాలోనో చిన్న ఎఫ్‌డీలోనో పెట్టి మరిచిపోండి. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. రోగం లేని ఊళ్ళలో కూడా కోడి అడిగేవాడు లేడు. ప్రభుత్వం పరిహారం ఇచ్చేది తాను చంపించిన కోళ్ళకే, అంతకు ముందే చచ్చిపోయిన వాటికి రాదు, అమ్ముడుపోకుండా తింటూ కూర్చున్న వాటికి అసలే రాదు. అలాంటి నెలలో కూడా కొట్టు వడ్డీ ఆగదు. ఆపద్ధనం ఉన్న ఇల్లు రేటు వచ్చేదాకా ఆగగలదు, లేని ఇల్లు వచ్చిన రేటుకు తెగనమ్మి ఆ డబ్బు తీసుకెళ్ళి కొట్లో కట్టి వస్తుంది.

అందుకని ఆపద్ధనం పోను మిగిలే రూ.12,000తో, 50 పిల్లలతో మొదలుపెట్టండి. పిల్లలకు రూ.1,750. ఆరు వారాల మేత 75 కిలోలు, రెండు బస్తాలు కొనండి, రూ.4,500. మిగిలే పాతిక కిలోలు ఏడు, ఎనిమిది వారాల్లో గ్రోయర్ మేతలోకి మెల్లగా మార్చడానికి సరిపోతాయి. రెండూ ఒకేసారి తేవద్దు, రెండోది అయిదో వారం మొదట్లో తాజా తేదీ చూసి తెచ్చుకోండి. ఊక, బల్బులు, కరెంటు పోతే పెట్టే కుంపటికి బొగ్గులు, లసోటా, గంబోరో టీకాలు కలిపి రూ.2,000. మిగిలిన రూ.3,750 రాత్రి పడుకునే పాకకు, వెదురూ నెట్టూ పాత రేకులతో. రూ.45,000 షెడ్డు మాట ప్రస్తుతానికి వదిలెయ్యండి. ఆరు వారాల తరవాత 50 కోళ్ళకు రోజుకు రెండున్నర కిలోలు, నెలకు రూ.1,950 అవుతుంది. మీ జీతంలో నెలనెలా మిగిలేది రూ.2,000, దానిలో సరిపోతుంది. అయిదు నెలల్లో ఎక్కడా ఎవరికీ బాకీ ఉండరు.

బంగారం తాకట్టు ఆలోచన ఉంటే మానుకోండి. డ్వాక్రా అప్పు కూడా మొదటి విడత కోళ్ళకు వద్దు. ఒక విడత లాభంతో అమ్మి, ఎన్ని పోయాయో ఎంత మేత పట్టిందో పుస్తకంలో రాసుకున్నాక పెంచాలనుకుంటే పశుపోషణకు ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు అడగండి, గడువులోపు కడితే వడ్డీ రాయితీలు పోను ఏడాదికి 4 శాతం పడుతుంది. మీ ఆయన చెరువు గట్టు మీద నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల కరెంటు వైర్ల మధ్య పని చేస్తారు కదా, ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి రూ.20, జీవన్ జ్యోతి రూ.436. రెండూ ఆయన పేరున ఉన్నాయో లేదో ఈ వారమే బ్యాంకులో కనుక్కోండి, లేకపోతే కోడిపిల్లల కంటే ముందు అవి కట్టండి.

కనుమకు అయిదు నెలలు నిండాలంటే ఆగస్టు రెండో వారంలోపు పిల్లలు దిగాలి. దించే ముందు రోజుకే మొదటి బస్తా ఇంట్లో చెక్కల మీద ఉండాలి, రెండో బస్తా తాలూకు రూ.2,250 కవర్లో వేసి బీరువాలో ఉండాలి.